గుడ్డి దీపం గారికి బహిరంగ లేఖ

మా 2003 మోడల్ బండి ముందు కూర్చున్న హెడ్‌లైట్ గారికి,

గారు అని ఎందుకన్నానంటే, పని చేయకుండా ముందు వరసలో కూర్చునేవాళ్ళని మన దగ్గర అలాగే పిలుస్తారు. ఇక్కణ్ణుంచి నువ్వనే అంటాను, ఏమీ అనుకోకు.

మొన్న రాత్రి నరసరావుపేట నుంచి వస్తుంటే ముందు మిర్చి బస్తాల ట్రాక్టర్ పోతోంది. దానికి వెనక ఎర్ర లైటు లేదు, నీకు ముందు తెల్ల లైటు లేదు. మధ్యలో నేనొకణ్ణి ఉన్నానని మీ ఇద్దరికీ పట్టలేదు. చివరికి మిర్చి ఘాటు ముక్కుకి తగిలి బ్రేకు వేశాను. కళ్ళు చేయాల్సిన పని ముక్కు చేసింది, అర్థమవుతోందా?

రేజ్ చేస్తే వెలుగుతావు, తగ్గిస్తే ఆముదం దీపం. గుంత వచ్చిందంటే ఎవరైనా స్లో చేస్తారు కదా, సరిగ్గా గుంత కనపడాల్సిన టైముకే నువ్వు కన్ను మూస్తావు. మెకానిక్‌కి చూపిస్తే ఇంకా బండి స్టాండు కూడా వేయకముందే "బ్యాటరీ వీకయింది సార్" అన్నాడు. కొన్నాం. నీలో మార్పేమీ లేదు. నువ్వసలు బ్యాటరీ మొహం కూడా చూడవని, ఇలాంటి పాత బళ్ళలో చాలావాటికి హెడ్‌లైట్ కరెంటు ఇంజిన్ తిరుగుతుంటే మాగ్నెట్ కాయిల్ నుంచి నేరుగా వస్తుందని, బ్యాటరీ ఉన్నది హారన్‌కీ ఇండికేటర్లకీ అలాంటివాటికేనని తర్వాత తెలిసింది. తాళం ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా స్విచ్ వేస్తే నువ్వు వెలగలేదు, హారన్ మాత్రం మోగింది. అర నిమిషం పరీక్ష, పైసా ఖర్చు లేదు. కాకపోతే నేనది బ్యాటరీ కొన్నాక చేశాను.

తర్వాత 35 వాట్ల బల్బులు వరసగా మూడు. ఇంకో షాపులో "రెగ్యులేటర్ పోయిందన్నా" అన్నారు. రెగ్యులేటర్ పోతే సాధారణంగా వోల్టేజి అదుపు తప్పి, రేజ్ చేయగానే బల్బు మాడి లోపల నల్లగా పొగచూరుతుంది. నీ బల్బులు ఎక్కువై మాడలేదు, తక్కువై ఏడ్చాయి. అయినా మార్చాం, అదీ అయిపోయింది. మా బావమరిది సలహా మీద ఎల్‌ఈడీ కూడా వేశాం. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లలాగా టపటపా కొట్టుకున్నావు, పక్క ఆటో అతను ఎవరి పెళ్ళని అడిగాడు.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బళ్ళకి పగలు కూడా లైటు దానంతటదే వెలుగుతోంది. ఎదురొచ్చేవాళ్ళు పాపం గుప్పిట మూసి తెరిచి "లైటు వేసి ఉంది" అని సైగ చేస్తారు. నాకు రాత్రిపూట కూడా ఎవరూ చేయలేదు.

చివరికి ఓ ఆదివారం, రెండొందల యాభై పెట్టి కొన్న మల్టీమీటరుతో నీ గిన్నె విప్పి కూర్చున్నా. అనుమానం ఎక్కడొచ్చిందంటే, ఇండికేటర్ వేసిన ప్రతిసారీ స్పీడోమీటరు దీపం కూడా దాంతో పాటు కన్ను కొడుతోంది. దానికీ దీనికీ ఏం చుట్టరికం? రెండూ కలిసేది ఎర్తు దగ్గరే, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారిలో. ఇంజిన్ స్టార్ట్ చేసి, లైటు వేసి, మల్టీమీటరు ఏసీ వోల్టుల మీద పెట్టి, దాని పుల్ల ఒకటి నీ ఎర్తు దగ్గర, ఇంకోటి ఇంజిన్ ఒట్టి ఇనుము మీద ఆనించా. దాదాపు సున్నా రావాలి. మూడు వోల్టుల పైన చూపించింది. నీ నోటికి అందాల్సిన కూడు దారిలోనే ఎవరో తింటున్నారన్నమాట. ఒక ముక్క వైరు తీసుకుని నీ ఎర్తు నుంచి ఇంజిన్‌కి అలా తగిలించానో లేదో, ఎదురుగా ప్రహరీ గోడ మీద పిడకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనపడ్డాయి!

దొంగ ఎవరంటే, గిన్నె లోపల ఆకుపచ్చ వైరు కొసన చిటికెన వేలి గోరంత జాయింటు. దేవుడి గదిలో తోమని రాగి చెంబులాగా చిలుము పట్టి ఉంది. ఎమరీ కాగితంతో రెండు నిమిషాలు గీకి, బిగించా. ఖర్చు సున్నా. బ్యాటరీ, రెగ్యులేటర్, మూడు బల్బులు, ఎల్‌ఈడీ అన్నీ ఓ పాత అట్టపెట్టెలో పడున్నాయి, మా ఆవిడ వాటిని చూసినప్పుడల్లా ఏమీ అనదు. ఆ ఏమీ అనకపోవడమే ఎక్కువ.

నిన్ను మూడు నెలలు తిట్టాను, ఆ మేరకు క్షమించు. కానీ ఇంకో మాట ఉంది. నిన్ను విప్పి మళ్ళీ బిగించినప్పుడు స్క్రూ ఎటో తిరిగినట్టుంది. నిన్న రాత్రి వేపచెట్ల మీద కాకిగూళ్ళు, కరెంటు స్తంభాల మీద నంబర్లు, మేడ మీద ఆరేసిన లుంగీలు అన్నీ పట్టపగల్లా కనపడ్డాయి. రోడ్డు తప్ప.

ఇట్లు,
స్క్రూడ్రైవర్ వెతుక్కుంటున్న
నీ ఓనరు