కనబడకముందే కాపాడిన అడవి

2017 అక్టోబరులో గ్వాటెమాలా దేశంలోని కూచుమటానెస్ కొండల్లో ఒక అటవీ కాపలాదారుకు చిన్న పిల్లజీవి కనబడింది. పసుపుపచ్చ ఒళ్లు, వీపు మీద నల్లటి పట్టీ. ఫొటో తీసి శాస్త్రవేత్తలకు పంపాడు. అది జాక్సన్ సాలమాండర్ అనే ఉభయచరం. 1975లో ఇద్దరు అమెరికన్ యువకులు కనుగొన్నాక 42 ఏళ్లపాటు మళ్లీ ఎవరి కంటా పడనిది. ఎన్నోసార్లు వెతికి నిపుణులు ఆశ వదులుకుంటున్న దశలో, రోజూ ఆ అడవిలో తిరిగే ఆ కాపలాదారు రామోస్ లియోన్‌కు అది దొరికింది.

ఇక్కడ గమనించాల్సింది తేదీలు. కాఫీ తోటగా మారిపోయే ప్రమాదంలో ఉన్న ఆ అడవిని ఫుండాయెకో అనే స్థానిక సంస్థ, కొన్ని అంతర్జాతీయ సంస్థలతో కలిసి 2015లోనే కొని రక్షిత ప్రాంతంగా మార్చింది. అంటే జీవి కనబడటానికి రెండేళ్ల ముందే. అది కనబడ్డాకే కొందామని ఆగి ఉంటే అక్కడ కాఫీ మొక్కలు మిగిలేవి.

సాలమాండర్ చూడటానికి బల్లిలా ఉంటుంది కానీ కప్పలాగే ఉభయచరం. జాక్సన్ సాలమాండర్ కుటుంబంలోని వాటికి ఊపిరితిత్తులే ఉండవు. గాలి పీల్చేది తడి చర్మంతో, నోటి లోపలి పొరతో. చెట్లు కొట్టి నేల మీద ఎండ పడనిస్తే దానికి ఊపిరాడదు. ఉష్ణమండలంలో ఉండే ఈ రకాలు గుడ్లను కూడా నీళ్లలో పెట్టవు, తేమగా ఉండే చోట దాస్తాయి. కాబట్టి ఎక్కడో ఒక చెరువు తవ్వి వీటిని బతికించలేం. వేడి పెరిగేకొద్దీ కొండ పైపైకి పోవాలి, శిఖరం దాటాక పోవడానికి చోటు లేదు. పైగా చర్మాన్నే పట్టుకునే ఫంగస్ వ్యాధులు. ప్రపంచంలోని ఉభయచరాల్లో 41 శాతం అంతరించే ముప్పులో ఉన్నాయని 2023లో తేలింది. సాలమాండర్లలోనైతే ప్రతి ఐదింటిలో మూడు రకాలది అదే పరిస్థితి.

దక్షిణాదిలో సాలమాండర్లు లేవు. కానీ ఈ కథ మనకు కొత్తది కాదు. 1900 తర్వాత జాడలేని కలివికోడి అనే పక్షి 1986లో కడప జిల్లా లంకమల అడవిలో బయటపడింది. దాన్ని పట్టుకున్నది కూడా స్థానికుడే. ముళ్లపొదల అడవి కదా, దేనికి పనికొస్తుందని అప్పటికే చదును చేసి ఉంటే ఆ పక్షి మనకు బొమ్మల్లోనే మిగిలేది.

అందుకే మేము అడిగేది ఒకటే. అడవి భూమిని ప్రాజెక్టుకు ఇచ్చేముందు 'అక్కడ అరుదైన జీవి ఉందని రుజువు చూపండి' అనే పద్ధతి మానాలి. లేదని తేల్చే బాధ్యత భూమి అడిగేవాళ్లదే కావాలి. అందుకు ఒక్క సీజన్ సర్వే చాలదు. అలాగే నల్లమలలో బేస్ క్యాంపుల్లో ఉంటూ గస్తీ తిరిగే చెంచు వాచర్లకు ప్రభుత్వాలు నెలనెలా జీతం అందించాలి, చేతికి ఒక మంచి కెమెరా ఇవ్వాలి, వాళ్లు పంపే ఫొటోను చూసి వెంటనే జవాబిచ్చే మనిషిని జిల్లా అటవీ కార్యాలయంలో నియమించాలి.