గల్లాపెట్టె పక్కన గిర్రుమనే స్టాండు

దుకాణంలో మనిషి ఇట్టే లొంగిపోయే చోటు బిల్లింగ్ కౌంటర్. అప్పటికే తిరిగి తిరిగి కాళ్లు లాగుతుంటాయి, ఏ సబ్బు మంచిదో తేల్చుకోలేక బుర్ర వేడెక్కి ఉంటుంది, డబ్బు ఎలాగూ చేతికొచ్చి ఉంటుంది. చూడటానికి ముందున్నవాళ్ల వీపు తప్ప మరేమీ ఉండదు. అలాంటప్పుడు పక్కన ఓ చాక్లెట్ కనబడితే చెయ్యి మనల్ని అడగకుండానే అటు వెళుతుంది.

1916లో అమెరికాలోని మెంఫిస్‌లో క్లారెన్స్ సాండర్స్ పిగ్లీ విగ్లీ దుకాణం తెరిచి, కొనేవాళ్లే సరుకులు ఏరుకుని చివర్లో డబ్బు కట్టే పద్ధతి పెట్టాడు. అంతకుముందు గుమాస్తాని అడగాలి, అతను తెచ్చివ్వాలి. అడగడానికి మొహమాటపడే వస్తువులకు ఆ రోజుతో విముక్తి దొరికిందని నా అనుమానం.

ఈ చరిత్రంతా దుకాణం నడుపుతున్న మా బావగారికి ఓ సేల్స్‌మన్ చెప్పాడు. 1974 జూన్ 26న ఒహాయోలోని ట్రాయ్‌లో, దుకాణంలో బార్‌కోడ్ స్కానర్ మొట్టమొదట చదివిన సరుకు చూయింగ్ గమ్ ప్యాకెట్టేనని కూడా చెప్పాడు. చెప్పి ఊరుకోకుండా, గిర్రున తిరిగే ఐదంతస్తుల స్టాండొకటి అంటగట్టి వెళ్లాడు. పొద్దున నిద్ర లేచేటప్పటికి బావగారికి స్టాండు కొనే ఉద్దేశమే లేదు. ఆ మాటే అక్క అనబోతే, “వ్యాపారంలో నీకేం తెలుసు?” అని నోరు మూయించారు.

నిజానికి కౌంటర్ దగ్గర పెట్టే వస్తువుకు పెద్ద అర్హతలేమీ అక్కర్లేదు. చిన్నదై ఉండాలి, చవకదై ఉండాలి, కొనడానికి ఆలోచన అవసరం లేనిదై ఉండాలి. చూయింగ్ గమ్, బ్యాటరీలు ఆ కోవలోవి. అక్కడితో ఆగితే ఆయన మా బావగారెందుకవుతారు? స్టాండు నిండాలి కదా అని మూడు సైజుల తాళాలు, కూరగాయలు తరిగే కత్తులు, రకరకాల పవర్లలో చదువుకునే కళ్లద్దాలు తెచ్చి తగిలించారు. సేల్స్‌మన్ సలహా ప్రకారం చాక్లెట్లు పిల్లల కంటికి ఆనే అంతస్తులో పెట్టారు. ఇక బుట్ట ఆనించడానికి కౌంటర్ మీద జానెడు చోటు మిగల్లేదు.

మొదటి గంటలోనే ఓ బుడతడు స్టాండును బొంగరంలా తిప్పాడు. తాళాలు ఎగిరి ఎవరి కాలి మీదో పడ్డాయి. వాడు మాత్రం చాక్లెట్ వదల్లేదు. తీపి, కొవ్వు, ఉప్పు ఎక్కువున్న చాలా తినుబండారాలను పెద్ద దుకాణాల్లో బిల్లు కట్టే చోట పెట్టకూడదని ఇంగ్లండ్‌లో 2022 అక్టోబరు నుంచి నిబంధన ఉంది. ఆ తల్లి మా బావగారి వైపు చూసిన చూపు చూస్తే, ఆ నిబంధన రాసినవాళ్లు కూడా ఎప్పుడో ఇలాంటి వరుసలో నిలబడే ఉంటారనిపించింది.

అప్పటికప్పుడు మనసు పుట్టి కొనడంలో నాలుగు రకాలున్నాయని 1962లో ఓ మార్కెటింగ్ పత్రికలో హాకిన్స్ స్టెర్న్ రాశాడు: ఉత్తి సరదాకు కొనేది, చూడగానే ఇంట్లో అయిపోయిందని గుర్తొచ్చి కొనేది, కొత్త వస్తువు కనబడితే అవసరాన్ని ఊహించుకుని కొనేది, ఏది చవగ్గా దొరికితే అది కొందామని ముందే అనుకుని వచ్చి కొనేది. మా కౌంటర్ దగ్గర ఇవేవీ జరగలేదు. చివరి నిమిషంలో వద్దనుకున్న సరుకును చేతికందిన చోట వదిలిపోవడం మాత్రం జోరుగా సాగింది. సాయంత్రానికి చూయింగ్ గమ్ పక్కన తువ్వాలు, బ్యాటరీల మీద కరిగి నీళ్లోడుతున్న బఠానీల ప్యాకెట్.

అసలు ముప్పు కళ్లద్దాల వల్ల వచ్చింది. ఓ పెద్దాయన సరిపోయే పవరు కోసం ఒక్కొక్క జతే పెట్టుకుని చూస్తున్నారు. చదవడానికి చేతిలో ఏదో ఒకటుండాలి కదా, అప్పుడే బావగారు కొట్టిచ్చిన బిల్లుంది. నాలుగో జతకు అక్షరాలు కుదురుకున్నాయి.

“ఏమండీ, సబ్బు ఒకటే తీసుకున్నాను. ఇక్కడ రెండు పడ్డాయే?”

బావగారు సవరించారు, క్షమించమన్నారు. కానీ ఆ మాట వరుస చివరిదాకా పాకింది. పెద్దాయన కళ్లద్దాలు తీసి వెనుక ఆవిడకు అందించారు. ఆవిడ తన బిల్లు చేతికి రాగానే పైనుంచి కిందిదాకా చదివి, అద్దాలు ఆ వెనుకాయనకిచ్చారు. తలుపు దాకా వెళ్లినవాళ్లు సైతం వెనక్కి వచ్చి, “ఆ అద్దాలు ఒకసారి ఇటివ్వండి” అన్నారు. బావగారి చెమట తుడుచుకునే చెయ్యి ఆగలేదు. తప్పులు మరేవీ దొరకలేదు, అది వేరే సంగతి. ఒక్క జతా అమ్ముడుపోలేదు కూడా.

చీకటి పడ్డాక, వరుసలో ఉన్న ఒకావిడ స్టాండును ఇటు తిప్పి, అటు తిప్పి, “ఇది ఇస్తారా? చెప్పులు పెట్టుకోవడానికి బాగుంటుంది” అన్నారు. అక్క నా వైపు చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. బావగారు బేరమైనా ఆడకుండా సరేనని, స్కానర్ పట్టుకుని దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేశారు. బార్‌కోడ్ ఎక్కడా లేదు. వెనుక నిలబడ్డవాళ్లు బుట్టలు నేల మీద పెట్టేశారు.