గుంతల మిషన్ గారికి, మీ నాలుగడుగుల బాకీ విషయమై

మహారాజశ్రీ ట్రాక్టర్ వెనక వేలాడే గుంతల మిషన్ గారి సముఖానికి,

కందుకూరు దగ్గరి పల్లె నుంచి, గేటు లేని మామిడితోట మనిషి రాసుకున్న విన్నపం.

ఉభయ కుశలోపరి. ఉభయ అని అలవాటుగా రాశాను గానీ, కుశలంగా ఉన్నది మీరొక్కరే. మొన్న శనివారం సాయంత్రం మా మోటారు నీళ్లతోనే ఒళ్లు కడిగించుకుని, గ్రీజు పెట్టించుకుని, గట్టు దాటి వెళ్లిపోయారు. ఇక్కడ మా నాయన నడుం పట్టేసి మంచంలో ఉన్నాడు. నా అరచేతుల్లో నాలుగు బొబ్బలు. గేటు రెక్కలు రెండూ వేపచెట్టుకు ఆనించి ఉన్నాయి. పక్కింటి మేకలు రోజూ వాటిని చూసుకుంటూ లోపలికి వస్తున్నాయి.

ఫోన్‌లో మీ డ్రైవరు ఏమన్నాడో మీకు గుర్తుండదు, నాకుంది. "ఎంత లోతు కావాలక్కా? నాలుగా, అయిదా? అరటి బోదెలో కత్తి దిగినట్టు దిగుద్ది." ఆ అరటి బోదె మాటకే పడిపోయాను.

తోట చుట్టూ కంచె రాళ్లు పాతడానికి మాకు కావాల్సినవి 146 గుంతలు. వాటిలో 140 మామూలువి, రెండడుగులు చాలు. వాటి గురించి మీతో పేచీ లేదు, ఆ మాట చివర్లో చెప్తాను. మిగతా ఆరింటితోనే గొడవంతా. నాలుగు మూలలు, రెండు గేటు రాళ్లు. మూల రాయిని రెండు పక్కల నుంచీ ముళ్లతీగ లాగుతూనే ఉంటుంది. గేటు రాయి మీద ఇనప రెక్క బరువు వేలాడుతుంది. అవి లోతుగా పాతుకోకపోతే మిగతా 140 రాళ్లూ ఉట్టి అలంకారం. పోయిన కార్తీకం ముసురుకి ఈశాన్యం మూల రాయి కొంచెం లోపలికి వాలింది. కొంచెమే. తీగ మొత్తం బట్టలారేసే దండెంలా వేలాడింది. ఆ రాత్రే అడవిపందులు వచ్చి వేరుశనగను దున్ని పోయాయి. అందుకని నాలుగడుగులు అన్నాం. సరదాకి అనలేదు.

మొదటి మూల గుంత అవగానే మీ డ్రైవరు ఇనప కమ్మీ దించి, వేలితో గుర్తు పట్టుకుని, పైకి తీసి చూపించాడు. నాలుగు! నా దగ్గర టేపు ఉంది. (టేపు ఉన్న ఆడమనిషిని చూస్తే డ్రైవర్లకు ఎందుకో నీరసం వస్తుంది.) కొలత ఎక్కడ నుంచి మొదలుపెట్టావయ్యా అని అడిగాను. గుంత చుట్టూ మీరు ఎగజిమ్మిన మట్టి కుప్ప ఉంది చూశారూ, దాని నెత్తి మీద నుంచి! అది జానెడు ఎత్తు. అడుగున మీరు తీయకుండా వదిలేసిన పొడి మట్టి ఇంకో జానెడు, కమ్మీ అందులోకి గుచ్చుకుని దిగింది. రెండు జానలూ పోతే రాయి నిలబెట్టడానికి ఖాళీగా ఉన్నది రెండున్నర అడుగులు. ఈ లెక్కన నెత్తిన గంప పెట్టుకుంటే నేనూ ఆరడుగుల మనిషినే.

"మీకు తెలీదక్కా, మిషన్ లెక్క అంతే" అన్నాడు.

అది విన్నాక ఒక అనుమానం వచ్చింది. 1970లో మా కందుకూరును నెల్లూరు జిల్లా నుంచి తీసి కొత్త ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో మమ్మల్ని మళ్లీ నెల్లూరుకి మార్చారు. జిల్లా హద్దు రాళ్లు ఇంత తేలిగ్గా లేచి నడుస్తున్నాయంటే, వాటిని పాతిన గుంతలు ఎవరు తీశారంటారు?

నాలుగు మూలలూ అదే లోతు. నాలుగు చోట్లా అదే కమ్మీ, అదే కుప్ప, అదే వేలు. అసలు సంగతి తర్వాత మా ఊరి వెల్డింగు షాపు కుర్రాడు చెప్పాడు. మీ బిట్టు, అదే నేలను తొలిచే మర, దాని పొడవే మూడడుగుల చిల్లరట. పైగా మిమ్మల్ని కిందికి నొక్కే బలం ట్రాక్టరుకు లేదట. లిఫ్టు మిమ్మల్ని దించుతుంది, ఎత్తుతుంది, అంతేగానీ తొయ్యదు. ఇక మీ సొంత బరువూ, మీ పళ్ల పదునూ. ఆ పళ్లు చూస్తే మా అమ్మమ్మ పళ్లు నయం. రోహిణి కార్తెలో ఎర్ర గరప నేల మీద మీరు గిర్రున తిరుగుతూ నేలను పాలిష్ పట్టారు. "రాత్రి గుర్తుల దగ్గర నీళ్లు పొయ్యాల్సిందక్కా" అని సలహా. సరే, గేటు దగ్గర రెండు గుర్తులకూ చెరో పది బిందెలు పోశాను. బొబ్బలు అప్పటివే.

మర్నాడు పదకొండు గంటలకు గేటు గుంత దగ్గరికి వచ్చారు. ఈసారి ఎక్స్‌టెన్షన్ రాడ్డు తెచ్చారు, సంతోషం. మూడడుగులు దిగాక బిట్టును గుంతలోనే ఉంచి, మధ్యలో రాడ్డు తగిలించి, మళ్లీ తిప్పారు. పైన నా నీళ్లకు నానిన మన్ను జిగురులా మరకు పట్టేసింది. కింద ఎండు గరప, గులకరాళ్లు. డ్రైవరు ఎత్తకుండా, మట్టి బయట పొయ్యకుండా, ఒకే బిగిన దించాడు. సీసా మూతలో దిగిన మరలా దిగి కూర్చున్నారు మీరు. లిఫ్టు ఎత్తితే మీరు లేవలేదు. ట్రాక్టరు ముందు చక్రాలు లేచాయి.

ఆ దృశ్యం నా కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అంత ట్రాక్టరు, మీకు కట్టేసిన గేదెలా, ముందు కాళ్లు గాల్లో పెట్టి అరుస్తోంది. ముగ్గురు కుర్రాళ్లను బంపరు మీద నిలబెట్టారు. వాళ్లతో సహా లేచింది. బరువు మీరితే ముందుగా తెగే షియర్ బోల్టు ఫట్‌మని తెగింది. ఇంకోటి వేశారు, అదీ తెగింది. మూడోదానికి కందుకూరు వెళ్లాలన్నారు. వెళ్లిన మనిషి రెండు గంటలకు వచ్చాడు, బోల్టుతోనూ బిర్యానీ వాసనతోనూ. వెలిగొండ నీళ్ల ప్రాజెక్టుకు కొండను తొలిచిన మిషన్లు కూడా మీ చుట్టాలేనేమో. అక్కడ రెండో సొరంగం తవ్వకం పూర్తయ్యేసరికి 2024 వచ్చింది. అది 18 కిలోమీటర్లు దాటిన సొరంగం, కొండ. మాది గేటండీ.

కొత్త బోల్టు వేసి ఫుల్ రేజ్ ఇచ్చినప్పుడు మా నాయన ఏం జరుగుతోందో చూద్దామని వంగాడు. భుజం మీది తువ్వాలు కొస జారి, ట్రాక్టరు నుంచి మిమ్మల్ని తిప్పే షాఫ్టుకి బెత్తెడు దూరంలో ఊగింది. నేను వెనక నుంచి చొక్కా పట్టి లాగాను. ఆయన వెల్లకిలా పడ్డాడు, నడుం అప్పుడే పట్టింది. ఆ షాఫ్టు నిమిషానికి 540 చుట్లు తిరుగుద్ది, అంటే సెకనుకు తొమ్మిది. తువ్వాలు అందుకుంటే "అయ్యో" అనే లోపల మనిషిని చుట్టేసుద్ది. దాని మీద ఉండాల్సిన ప్లాస్టిక్ కవరు ఏదిరా అంటే, "గ్రీజు కొట్టడానికి అడ్డమని పీకేశాం అక్కా" అన్నాడు.

ఇక గారూ లేదు, గీరూ లేదు. సిగ్గుందా నీకు? లోతు తక్కువైతే మళ్లీ తవ్వుకుంటాం. మా నాయనను మళ్లీ ఎక్కడ నుంచి తెచ్చుకోను? ఇంజను ఆపించి, తాళం నా కొంగున కట్టుకున్నాను.

తర్వాత షాఫ్టు ఊడదీసి, బోరు మెకానిక్ దగ్గర పెద్ద పైపు రెంచీ తెచ్చి నిన్ను ఎదురు తిప్పారు. అర చుట్టు తిరిగి మొరాయించావు. చివరికి మా ఊళ్లో ఒకప్పుడు కంచె గుంతలన్నీ తీసిన పెదనాయనను పిలవాల్సి వచ్చింది. ఆయన గడ్డపారతో నీ చుట్టూ పొడిచాడు. లోతు పెరిగాక పార పట్టలేదు. బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా దించి, కొబ్బరి చిప్పతో మట్టి తోడాడు. చిప్ప గులకరాయికి తగిలినప్పుడల్లా ఆగి, రాయిని వేళ్లతో ఊడపెరికి పక్కన పెట్టాడు. కాసేపటికి తలెత్తి అడిగాడు.

"ఈ మిషన్ను దేనికి పిలిపించావమ్మా?"

"గుంత తియ్యడానికి పెదనాయనా."

"మరి మనమేం తీస్తన్నాం?"

సాయంత్రం నాలుగున్నరకు నువ్వు బయటికి వచ్చావు. టేపు వేశాను, కుప్ప మీద నుంచి కాదు, నేల మీద నుంచి. సరిగ్గా నాలుగడుగులు! మొత్తం 146లో మాట ప్రకారం వచ్చిన లోతు గుంత అదొక్కటే, అదీ మనిషి చేత్తో తీసింది, నిన్ను బతికించడానికి. వెడల్పు మాత్రం పెళ్లి వంట గాడిపొయ్యంత వచ్చింది. అందులో ఒక రాయి నిలబెట్టాలంటే ఎన్ని తట్టల కాంక్రీటు పోయాలో మేస్త్రీ ఇంకా లెక్క చెప్పలేదు.

బిల్లులో ఏం రాశాడో చూశావా? "డీప్ గుంతలు 5, డబుల్ రేటు." ఆ అయిదోది ఇదే. పెదనాయన తీసిన గుంతకు నీకు డబుల్ రేటు! ఇవ్వలేదు. నాలుగు మూలలకూ సింగిల్ రేటే ఇచ్చాను, అదీ కొట్టేసి రాయించి. రెండో గేటు గుంత నువ్వు ముట్టుకోనే లేదు, నా పది బిందెల నీళ్లూ ఇంకిపోయాయి.

సరే, చివర్లో చెప్తానన్న మాట. ఆ 140 మామూలు గుంతలు నువ్వు ఒకటిన్నర రోజులో తీశావు. దారం పట్టినట్టు వరస. రాయి తగిలి అడుగు దగ్గరే ఆగిపోయినవి ఏడెనిమిది ఉన్నాయి, వాటికీ పూర్తి రేటు గుంజావు, అయినా సరే. పోయినసారి ఇదే కంచెకు పెదనాయనా, ఇంకో ఇద్దరూ పన్నెండు రోజులు ఎండలో ఒంగి తవ్వారు. ఆయనే నీ గుంతలో చెయ్యి పెట్టి గోడ తడిమి, "నున్నగా తీసిందే దొంగముండ" అన్నాడు. ఆయన నోట అది మెచ్చుకోలే.

ఆదివారం పొద్దున్నే ఆయన గడ్డపార తీసుకుని వస్తున్నాడు. మిగిలిన గేటు గుంత, నాలుగు మూలల్లో నువ్వు ఎగ్గొట్టిన లోతూ ఆయన చూసుకుంటాడు. నువ్వు ఆ పక్కకు రావద్దు.

పక్క చేనువాళ్లకు ఓ వంద మామూలు గుంతలు కావాలట. నీ నంబరు అడిగారు. ఇచ్చాను. షాఫ్టుకు కవరు ఉంటేనే గట్టు దాటనివ్వమని చెప్పాను. నా టేపు కూడా ఇచ్చాను.

ఇట్లు,
ట్రాక్టర్ తాళం ఒక పూట కొంగున కట్టుకున్న మనిషి