రాగి జావ అందరికీ సరిపడదు
బియ్యం తగ్గించి రాగులు, పప్పులు, ఆకుకూరలు పెంచుకుంటే మధుమేహం ఉన్నవారు నిశ్చింతగా ఉండవచ్చునని మధుమేహ ఆహారంపై వచ్చిన ఒక వ్యాసంలో చదివాను; కానీ ఆ మాట మూత్రపిండాలు బాగున్నవారికే వర్తిస్తుంది. చెన్నై పెరంబూరులో మాతో ఉంటున్న మా అత్తగారికి చక్కెర వ్యాధితోపాటు మూత్రపిండాల పనితీరు కూడా తగ్గి, రక్తంలో పొటాషియం పెరగడంతో, అంతవరకు మేలు చేస్తాయనుకొని మేము పెడుతూ వచ్చిన రాగి జావ, మునగాకు, పాలకూర పప్పులనే వైద్యులు మొదట తగ్గించమన్నారు. బలహీనపడిన మూత్రపిండాలు పొటాషియాన్ని సరిగా బయటికి పంపలేవు; అది మితిమీరితే గుండె లయ తప్పుతుంది. అందుకని ఇప్పుడు కూరగాయలను చెక్కు తీసి, చిన్న ముక్కలుగా తరిగి, ఎక్కువ నీళ్లలో ఉడికించి, ఆ నీళ్లు పారబోశాకే పోపు వేస్తున్నాము. (చప్పగా ఉందని ఆవిడ రోజూ అంటారు, అది నిజమే.) అన్నం మానిపించలేదు, కొలత గిన్నెతో వడ్డించి, పక్కన బీరకాయో సొరకాయో పెడుతున్నాము. ఉప్పు తగ్గించాలని కొన్న తక్కువ సోడియం ఉప్పులో పొటాషియం క్లోరైడ్ ఉందని ప్యాకెట్ వెనుక ఉన్న చిన్న అక్షరాలు చదివాక గానీ మాకు తెలియలేదు. రక్తంలో చక్కెర పడిపోతే కమలా రసం తాగమన్న ఆ వ్యాసంలోని సలహా కూడా ఇటువంటివారికి తగదు. అందులోనూ పొటాషియం ఎక్కువే కనుక, 15 గ్రాముల గ్లూకోజు పొడిని నీళ్లలో కలిపి ఇచ్చి, 15 నిమిషాల తర్వాత మళ్లీ పరీక్షించమని మా వైద్యులు చెప్పారు.