ముందు కడగండి, పసుపు సంగతి తర్వాత

మన ఇళ్లలో ఎవరికి దెబ్బ తగిలినా మొదట వినిపించే కేక ‘పసుపు తెండి’. కొడవలితో తెగినా పసుపే, మేకు దిగినా పసుపే, కుక్క కరిచినా పసుపే. పసుపు మీద నాకేమీ పగ లేదు. నీళ్ల కంటే ముందు అది పరుగెత్తుకు రావడమే నాకు మింగుడు పడదు.

ఈ కోతల్లో, హార్వెస్టర్ తిరగని మడి మూల కోస్తుంటే మా పక్కింటి పెద్దాయనకు పిక్క మీద కొడవలి తెగింది. రక్తం ఆగాలని కాఫీ పొడి దట్టించారు. ఆసుపత్రిలో నర్సమ్మ సెలైన్ పోస్తూ, పట్టకారుతో ఆ ముద్దను కొంచెం కొంచెంగా పెకలిస్తుంటే ఆయన మంచం అంచు పట్టుకుని పళ్లు కొరికాడు. కుట్లకు కూడా అంత బాధపడలేదు. రక్తం ఆగడానికి ఏ పొడీ అక్కర్లేదు. శుభ్రమైన గుడ్డ పెట్టి పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టాలి. మధ్యలో ఎత్తి చూడకూడదు. మనవాళ్ల వల్ల కానిది అదొక్కటే! అంచులు విచ్చుకుని లోపలి కండ కనిపిస్తుంటే ఆ రోజే కుట్లు వేయించాలి.

పత్తి కట్టె కొట్టేసిన చేలో మోడు అరికాల్లో దిగితే మాత్రం ఎవరికీ కంగారు ఉండదు, చుక్క రక్తం కారదు కనుక. నిజానికి భయపడవలసింది దానికే. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో ఉంటుంది, గాలి ఆడని లోతైన సందులో పెరుగుతుంది. ‘ఇనుము కాదుగా, కట్టెపుల్లే కదా, సూది ఎందుకు’ అంటారు. రోగం తుప్పులో లేదు మహాప్రభో, మట్టిలో ఉంది! చిన్నప్పుడు టీకాలన్నీ పడినా, చివరి సూది పడి అయిదేళ్లు దాటితే ఇలాంటి గాయానికి మళ్లీ వేయించుకోవాలి. షుగర్ ఉన్నవారికి గుచ్చుకున్న సంగతే తెలియకపోవచ్చు, వాళ్ల అరికాళ్లు ఇంట్లోవాళ్లు రోజూ చూడాలి.

బైకు సైలెన్సర్ తగిలి కాలితే టూత్‌పేస్టు పూస్తారు. చల్లగా అనిపిస్తుందట. పేస్టు పళ్లకు. కాలిన చోట ఇరవై నిమిషాలు కుళాయి ధార పట్టండి, ఐసు పెట్టకండి, బొబ్బలు చిదపకండి.

ఇక కుక్క కాటు. ఇక్కడే నాకు ఒళ్లు మండుతుంది, ఎందుకంటే కాటు మీద కారం పొడి చల్లేవాళ్లు ఇంకా ఉన్నారు. వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ధర రాని మిరపకు వేరే ఉపయోగాలు వెతకాలంటే వెతకండి, కాటు మీద మాత్రం వద్దు. సున్నమూ వద్దు. రేబిస్ వైరస్ పైపొర కొవ్వుతో ఉంటుంది, సబ్బు దాన్ని విరగ్గొడుతుంది. అందుకే సబ్బు రాసి పదిహేను నిమిషాలు ధార కింద కడగమంటారు. గట్టిగా కట్టు కట్టకండి. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. రక్తం వచ్చిన కాటైతే, టీకాతో పాటు గాయంలోనే ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వైరస్‌ను అక్కడికక్కడే అడ్డుకునే మందు) గురించి మీరే అడగండి. చేతికి వేసే టీకా మొదటి రోజు పడింది కదా అని మిగతావి ఎగ్గొట్టకండి, చీటీ మీద రాసిన ప్రతి తేదీకీ వెళ్లండి.