‘కావలెను’తో మొదలై ఫ్యాక్స్‌తో సరి

కాలేజీలో బ్యాండ్ పుట్టడానికి సంగీతం మీద ప్రేమ ఉంటే మంచిదే, కానీ పక్కగదిలో గిటార్ ఉన్నవాడు దొరకడం అంతకన్నా ముఖ్యం. మసాచుసెట్స్ యూనివర్సిటీ ఆమ్‌హర్స్ట్ క్యాంపస్‌లో చార్లెస్ థాంప్సన్‌కి అలాగే జోయీ శాంటియాగో దొరికాడు. పిక్సీస్ అనే అమెరికన్ రాక్ బ్యాండ్‌కి అదే శంకుస్థాపన. చదువు మధ్యలో థాంప్సన్ స్పానిష్ నేర్చుకుందామని ప్యూర్టో రికో వెళ్లి, అక్కడ తన ముందు రెండు దారులు పెట్టుకున్నాడు: న్యూజిలాండ్ వెళ్లి హాలీ తోకచుక్కని చూడటం, లేదా బ్యాండ్ పెట్టడం. డిగ్రీ పూర్తి చేయడమన్నది ఆ జాబితాలోనే లేదు. తోకచుక్క ఎలాగూ 2061లో మళ్లీ వస్తుంది కాబట్టి బ్యాండే నెగ్గింది. ఇద్దరూ చదువుకి దణ్ణం పెట్టి బోస్టన్ చేరారు, 1986లో బ్యాండ్ మొదలైంది.

ఏ కాలేజీ బ్యాండ్ చూసినా గిటార్‌కి నలుగురు, పాడటానికి ఏడుగురు సిద్ధం. బేస్‌కి, అంటే మంద్రస్వరాల గిటార్‌కి మాత్రం ఎవరూ ఉండరు. కచేరీలో శ్రుతిపెట్టె పట్టుకునే వాడిలా, వాడు లేకపోతే పని జరగదు, ఉన్నా ఎవరూ చూడరు. అందుకని పత్రికలో ప్రకటన ఇచ్చారు: హస్కర్ డూ, పీటర్ పాల్ అండ్ మేరీ, ఈ రెండు బృందాలూ నచ్చే బేసిస్టు కావలెను. మొదటిది చెవులు చిల్లులు పడే పంక్, రెండోది మెత్తటి జానపదం. మనవైపు తీన్మార్, త్యాగరాజ పంచరత్నాలు రెండూ ఇష్టపడే వధువు కావలెనన్నట్టు. వచ్చింది ఒక్కరే, కిమ్ డీల్. చేతిలో బేస్ లేదు, అంతకుముందు వాయించిందీ లేదు. బేస్‌ని చెల్లెలి దగ్గర అరువు తెచ్చుకుంది, అదీ కవల చెల్లెలు.

ఇది వినడానికి పిచ్చిగా ఉన్నా పని అయ్యే పిచ్చే. బేస్‌కి ఉండే నాలుగు తీగలు గిటార్‌లోని నాలుగు లావు తీగల స్వరాలే, ఒక స్థాయి కింద. వేళ్లు పెట్టే చోట్లు గిటార్ వచ్చినవాళ్లకి ముందే తెలుసు. తీగలు లావు, మెట్లు దూరం కాబట్టి మొదటి వారం వేళ్లు బొబ్బలెక్కుతాయి. అలవాటు కొద్దీ పూర్తి కార్డు, అంటే కొన్ని తీగలు ఒకేసారి వాయిస్తే అంతా ముద్దపప్పే. తీగ తర్వాత తీగ, ఒక్కో స్వరం వాయించాలి.

ఇక డ్రమ్ముల డేవిడ్ లవరింగ్ చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగ్. తెలుగు పాఠకుడికి ఇక్కడ ప్రాణం లేచొస్తుంది. బ్యాండ్ పేరు కోసం శాంటియాగో డిక్షనరీ తిరగేస్తే ‘పిక్సీస్’ దొరికింది.

1987 మార్చిలో థాంప్సన్ తండ్రి ఇచ్చిన 1000 డాలర్లతో మూడు రోజుల్లో డెమో టేపు తయారైంది. అందులోంచి 8 పాటలు ఏరి లండన్ కంపెనీ ఫోర్ ఏడీ విడుదల చేసింది. వీళ్ల కిటుకు చరణం గుసగుస, పల్లవి గర్జన. చాలా కాలేజీ బ్యాండ్లు దీన్ని అనుకరించబోయి బోల్తా పడేది గుసగుస దగ్గరే. డ్రమ్మర్ కాస్త గట్టిగా కొడతాడు, తన గిటార్ తనకి వినబడలేదని ఒకడు ఆంప్ (గిటార్ శబ్దం పెంచే పెట్టె) పెంచుతాడు, పాడేవాడి మైకు పెంచాల్సొస్తుంది, స్పీకర్ మోత తిరిగి మైకులో పడి ‘కూ’ మంటుంది. పల్లవి వచ్చేసరికి పెంచడానికి ఇక నాబ్ మిగలదు.

కోపాలదీ ఇదే వరస. 1989లో స్టుట్‌గార్ట్ వేదిక మీద థాంప్సన్ డీల్ మీదికి గిటార్ విసిరాడు. డీల్ తన పాటల కోసం బ్రీడర్స్ అని వేరుకుంపటి పెట్టుకుంది. 1992లో ఐరిష్ రాక్ బ్యాండ్ యూటూ కచేరీలకి ముందు వాయించే అవకాశమొచ్చింది. పెద్ద బ్యాండ్‌కి ముందు వాయించడమంటే భోజనాల బంతి వేసే వేళ హరికథ చెప్పడమే, జనం కుర్చీలు వెతుక్కుంటూ ఉంటారు.

1993 జనవరిలో థాంప్సన్ బీబీసీ రేడియోలో, బ్యాండ్ ఇక లేదని చెప్పేశాడు. మిగతా ముగ్గురికీ అప్పటికి తెలియదు. తర్వాత శాంటియాగోకి ఫోన్ చేశాడు. డీల్‌కీ లవరింగ్‌కీ ఫ్యాక్స్!

‘ఫ్యాక్స్ సౌకర్యం కలదు’ అని ఎస్టీడీ బూత్‌ల మీద రాసి ఉన్న రోజులు గుర్తున్నవాళ్లకి ఆ దృశ్యం కళ్లకు కడుతుంది. గీ మని ఓ కూత, కాగితం చుట్టలు చుట్టుకుంటూ ట్రేలో పడుతుంది, ఇంట్లో ఎవరైనా తీసి చదువుకోవచ్చు. పంపినవాడి చేతికొచ్చే ‘ఓకే’ చీటీ కాగితం యంత్రానికి అందిందని చెబుతుంది, మనిషికని కాదు. పైగా థర్మల్ కాగితమైతే నాలుగేళ్లకే అక్షరాలు వెలిసిపోయి, గొడవకి సాక్ష్యం కూడా మిగలదు.

2004లో నలుగురూ మళ్లీ వేదికెక్కారు. ఈలోగా లవరింగ్ మెజీషియనై, లాబ్ కోటు తొడుక్కుని భౌతికశాస్త్రపు గారడీలు చేశాడు. ఇంజినీరింగ్ చదువు అలా అక్కరకొచ్చింది.