కాంక్రీటు ఆరాక సలహాలడిగే సమావేశం గారికి

అయ్యా అభిప్రాయ సేకరణ సమావేశం గారూ,

కొత్త సేవా కేంద్రం రూపకల్పనకు వికలాంగుల సలహాలు కావాలంటూ మీరు పంపిన ఆహ్వానం అందింది. సంతోషం. కాకపోతే టెండరు ఖరారైపోయింది, గోడలు లేచాయి, ర్యాంపు కాంక్రీటు ఆరింది. ఇంకా తేలనిది ప్రారంభోత్సవం రిబ్బను రంగొక్కటే కాబట్టి, ఆకుపచ్చ బాగుంటుందని మా సలహా.

అజెండా కూడా చేరింది. కాగితాన్ని ఫొటో తీసి పీడీఎఫ్‌గా పంపారు కనక, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ అందులో ఒక్క ముక్కా చదవలేదు. మీరు కొలువుతీరేది రెండో అంతస్తులోనట, లిఫ్టేమో మరమ్మతులో ఉందట. మూడు గంటల సభకు సైగభాష అనువాదకుడు ఒక్కడేనట. ఆ పనికి ఇద్దరుండాలి. ఇరవై నిమిషాలకోసారి మార్చుకోకపోతే అలసటకి సగం మాటలు జారిపోతాయి. మీ ఉపన్యాసాల్లో ఏ సగం పోయినా నష్టం లేదనుకోండి, అది వేరే సంగతి.

ఇక మీ ర్యాంపు. గుమ్మం ముందు 15 సెంటీమీటర్ల మెట్లు నాలుగు, అంటే ఎత్తు 60. ఒకటికి పన్నెండు వాలు, అంటే ఎత్తుకు పన్నెండింతల పొడవు లెక్కన ర్యాంపు 7.2 మీటర్లు రావాలి. ఖాళీ మూడు మీటర్లే ఉందని మూడు మీటర్లలోనే ముగించారు. వాలు ఒకటికి అయిదైంది. దాని మీద చక్రాల కుర్చీ ముందు చక్రాలు లేచి మనిషి వెల్లకిలా పడతాడు. పడకుండా పైకి చేరినవాళ్లకు అక్కడ తలుపు ఎదురొస్తుంది. అది బయటికి తెరుచుకుంటుంది, దాని ముందు ఆగడానికి చదును లేదు. ఒక చేత్తో తలుపు లాగుతూ రెండో చేత్తో కుర్చీ జారకుండా ఆపుకోవాలి. నక్షా దశలో ఇది రబ్బరుతో చెరిపే పని. మీరు మమ్మల్ని పిలిచేది మాత్రం సమ్మెట దశలో.

మరుగుదొడ్డి తలుపు ఇందుకు సరిగ్గా తిరగేసి పెట్టారు, లోపలికి. కుర్చీ తిరగడానికి 150 సెంటీమీటర్ల వ్యాసం కావాలి, ఆ చోటంతా తలుపే మింగింది. లోపల ఎవరైనా పడిపోతే తలుపుకి ఆ మనిషే అడ్డం. ప్రస్తుతం అందులో చీపుళ్లు, బకెట్లు నివాసం ఉంటున్నాయి. వాటి నుంచి ఫిర్యాదులేవీ లేవు.

నడకదారిలో పలకల మీద గీతలుంటే సాగమని, చుక్కలుంటే ఆగమని చూపులేనివారి కాలికి గుర్తు. అందంగా ఉన్నాయని దారి పొడవునా చుక్కలే పరిచారు. అంటే అడుగడుగునా ఆగాలి. అదీ బూడిదరంగు నేల మీద బూడిదరంగు పలకలు. మసకగా చూపున్నవారికి అవి ఉన్నట్టే తెలియదు.

ఇన్నిటికీ మీరు పిలిచేది ఒక్క ప్రతినిధిని. రోడ్డు దాటేచోట నడకదారి గట్టు అంచు నేలమట్టంగా ఉండాలని కుర్చీలో వచ్చేవారంటారు. అంచు పూర్తిగా పోతే చూపులేక తెల్లకర్రతో నడిచేవారికి నడకదారి ఎక్కడ ముగిసి రోడ్డు ఎక్కడ మొదలైందో తెలియదు. అంచు దింపి, సరిగ్గా అక్కడే చుక్కల పలకలు, అదీ నేలకు భిన్నమైన రంగులో వేస్తే ఇద్దరి పనీ సాగుతుంది. ఇద్దరినీ ఆ మలుపులో నిలబెట్టి అడిగితే తేలేది ఇది. రెండో అంతస్తులో టీ తాగుతూ తేలదు. మానసిక వైకల్యం ఉన్నవారు, విషయం మెల్లగా అర్థం చేసుకునేవారు మీ జాబితాలోకి ఇంకా రానేలేదు.

మీరు మారాలనుకుంటే పెద్ద ఖర్చేమీ లేదు. అంచనాలు వేయకముందే పిలవండి. గది కొలతలు నేల మీద సుద్దతో అసలు పరిమాణంలో గీసి, అందులో నిజం కుర్చీలు తిప్పించండి. వాస్తుశిల్పికి రుసుము ఇస్తున్నట్టే మా సమయానికీ, ప్రయాణానికీ ఇవ్వండి. శాలువా లెక్కలోకి రాదు. ఒప్పుకున్న కొలతలు టెండరులో రాయండి, అక్కడ లేనిది గుత్తేదారు కట్టడు. ప్రతి సూచనకూ తీసుకున్నామనో, ఫలానా కారణంగా తీసుకోలేదనో రాతపూర్వకంగా జవాబివ్వండి. చివరి బిల్లు చెల్లించేముందు అదే మనుషులతో టేపూ, రసమట్టమూ పెట్టి కొలిపించండి. వికలాంగులను వారి సంఘాల ద్వారా సంప్రదించి భాగస్వాములను చేయాలని ఐక్యరాజ్యసమితి 2006 వికలాంగుల హక్కుల ఒప్పందం నాలుగో అధికరణంలో ఉంది. మీ అజెండాలో అది "ఇతర అంశాలు" కింద, వందన సమర్పణకు ముందు వస్తోంది.

ఇట్లు,
మీ హాజరుపట్టీలో "వికలాంగుల ప్రతినిధి – 1" అనే గడిలో సర్దుకున్న పలువురు